ఖర్బూజలో తెగులును తట్టుకునే జన్యువును పట్టుకోవడం ఎలా: నారు ట్రే నుంచి మార్కరు దాకా

ఎండు తెగులు పరీక్షకు పెట్టిన ఖర్బూజ నారును మూడో వారంలో చూడండి. ఒకే కాయ గింజల నుంచి వచ్చిన మొలకలే అయినా కొన్ని నిటారుగా నిలబడి ఉంటాయి. వాటి పక్కనే కొన్ని మెడ వాల్చి, కాండం మీద గోధుమరంగు చారతో ఎండిపోయి ఉంటాయి. ఆ తేడాకు కారణం ఒక్క జన్యువు కావచ్చు, అరడజను జన్యువులు కావచ్చు. అసలు జన్యువే కాకపోవచ్చు, ట్రే మూలన నీళ్లు సరిగా అందకపోవడమూ కావచ్చు. ఏది నిజమో తేల్చి, నిజంగా జన్యువే అయితే అది ఏ క్రోమోజోము మీద ఎక్కడ ఉందో కనిపెట్టి, దాన్ని మంచి వంగడంలోకి తెచ్చుకునే దాకా చేయాల్సిన పనిని ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందే ఒక మాట. ఈ పనిలో సింహభాగం నారు దగ్గరే జరుగుతుంది. డీఎన్ఏను చదివే సీక్వెన్సింగ్ యంత్రం ఎంత గొప్పదైనా దానికి మనం అందించేది ‘ఇది బతికింది, ఇది చచ్చింది’ అనే పట్టికే. పట్టికలో తప్పు ఉంటే యంత్రం ఆ తప్పును బోలెడంత ఖచ్చితత్వంతో ఏదో ఒక క్రోమోజోముకు అంటగడుతుంది.

మొదటి మెట్టు: తెగులు పేరుతో ఆగకండి, రేసు తేల్చండి

‘ఈ రకానికి ఎండు తెగులు రాదు’ అనే మాట సగం మాటే. ఏ రేసు (అదే శిలీంధ్రంలోని ఉపరకం) వల్ల వచ్చే ఎండు తెగులు అన్నది మిగతా సగం. నిరోధక జన్యువు అనేది మొక్క ఒక్కదాని గుణం కాదు. మొక్కలోని ఒక జన్యువుకూ శిలీంధ్రంలోని ఒక జన్యువుకూ మధ్య ఉన్న లెక్క అది. అవిసె పంటలో తుప్పు తెగులు మీద పనిచేసిన హెచ్.హెచ్. ఫ్లోర్ 1940లలో చూపించిన సూత్రమిదే. ఖర్బూజ ఎండు తెగులు ఈ సూత్రానికి పాఠ్యపుస్తకంలో పెట్టదగిన ఉదాహరణ.

ఈ తెగులును కలిగించేది ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రంలో ఖర్బూజకు మాత్రమే పట్టే మెలోనిస్ రూపం. దీనికి నాలుగు రేసులు: 0, 1, 2, 1.2. ఈ అంకెల్లోనే అర్థం ఉంది, ఒకసారి పట్టుకుంటే మరిచిపోరు. రేసు 1 అంటే ఫామ్-1 అనే నిరోధక జన్యువును ఓడించేది. రేసు 2 అంటే ఫామ్-2ను ఓడించేది. 1.2 రెండింటినీ ఓడిస్తుంది, 0 దేన్నీ ఓడించలేదు. అంటే ఫామ్-1 ఉన్న మొక్క 0, 2 రేసులను తట్టుకుంటుంది, ఫామ్-2 ఉన్నది 0, 1 రేసులను తట్టుకుంటుంది.

మీ చేతిలో ఉన్న శిలీంధ్రం ఏ రేసో తేల్చడానికి మూడు సూచక వంగడాలు చాలు. షారంటే టి లో ఈ రెండు జన్యువులూ లేవు. డూబ్లాన్‌లో ఫామ్-1 ఉంది. సీఎం 17187లో ఫామ్-2 ఉంది. మూడింటికీ ఒకే రోజు, ఒకే ద్రావణంతో తెగులు అంటించండి. షారంటే ఒక్కటే చస్తే రేసు 0. దానితోపాటు డూబ్లాన్ కూడా చస్తే రేసు 1. డూబ్లాన్ నిలిచి సీఎం 17187 పోతే రేసు 2. మూడూ పోతే 1.2. షారంటే కూడా చావకపోతే సంబరపడకండి, మీ ద్రావణంలో పస లేదని అర్థం.

బూడిద తెగులు వ్యవహారం ఇంత తేలిగ్గా ఉండదు. ప్రధాన కారకం పోడోస్ఫేరా గ్జాంథీ. దీనికి రెండు డజన్లకు పైగా రేసులను పరిశోధకులు నమోదు చేశారు. కొత్త సూచక వంగడం చేర్చినప్పుడల్లా కొత్త రేసు బయటపడుతూనే ఉంటుంది. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీలో 1925లో ఈ తెగులు విరుచుకుపడింది. అక్కడి పరిశోధకులు భారతదేశం నుంచి తెప్పించిన ఖర్బూజతో సంకరం చేసి, 1936లో పీఎంఆర్ 45 అనే నిరోధక రకాన్ని విడుదల చేశారు. దాన్ని ఓడించే రేసు 2 కనబడింది 1938లో. దశాబ్దం పట్టిన పనికి రెండేళ్ల ఆయుష్షు. ఒకే జన్యువు మీద భరోసా పెట్టుకునే ప్రతివారూ గోడ మీద రాసుకోవలసిన తేదీలివి.

బూజు తెగులు సంగతి ఒక ముక్కలో: దాని కారకమైన సూడోపెరనోస్పోరా క్యూబెన్సిస్ శిలీంధ్రంలా కనిపించినా అసలైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్ వర్గానికి చెందినది. మందుల విషయంలో ఈ తేడా పెద్దది. జన్యు విశ్లేషణలో మాత్రం అదే దారి.

రెండో మెట్టు: తల్లిదండ్రులను ఎంచుకోండి

ఖర్బూజ జాతి, అంటే కుకుమిస్ మెలో, చాలా పెద్ద కుటుంబం. తియ్యటి ఖర్బూజ, పసుపు దోస, పండితే తనంతట తానే పగిలిపోయే దోస, చేదు కాయల అడవి దోస, అన్నీ ఒకే జాతి. అన్నిటికీ 12 జతల క్రోమోజోములే. ఒకదానితో ఒకటి ఇబ్బంది లేకుండా సంకరమవుతాయి. నిరోధకత కోసం వెతికేవారికి ఇది వరం. మంచి నిరోధక మూలాలు ఎక్కువగా తియ్యని రకాల్లో, ముఖ్యంగా భారతదేశం నుంచి సేకరించిన నమూనాల్లో దొరికాయి. పీఐ 124111, పీఐ 124112, పీఐ 414723 అనే సంఖ్యలు (అమెరికా విత్తన నిధి నమూనాలకు ఇచ్చినవి) ఈ రంగంలో పదేపదే వినిపిస్తాయి. మూడూ భారతీయ సేకరణలే. పీఐ 124111 నుంచి తీసిన ఎంఆర్-1 అనే వంగడం బూడిద, బూజు తెగుళ్లు రెండింటి పరిశోధనలోనూ విరివిగా వాడుకలో ఉంది.

బంక తెగులుకు ఐదు వేర్వేరు మూలాల్లో ఐదు జన్యువులను గుర్తించారు. జీఎస్‌బీ-1 నుంచి 4 వరకు బహిర్గత జన్యువులు (ఒక్క ప్రతి ఉన్నా పనిచేసేవి), ఐదోది అంతర్గతం (రెండు ప్రతులూ ఉంటేనే పనిచేసేది).

ఎంచుకున్న నిరోధక తల్లిని వెంటనే సంకరంలోకి దించకండి. విత్తన నిధుల నుంచి వచ్చే నమూనా ఒక్కోసారి కలగాపులగంగా ఉంటుంది. ముందు దాన్ని స్వపరాగ సంపర్కంతో రెండు మూడు తరాలు పెంచి, ప్రతి తరంలోనూ తెగులు పరీక్ష చేసి, నూటికి నూరు మొలకలూ ఒకేలా నిలిచాకే మొదలుపెట్టాలి. ఇక్కడ ఆదా చేసుకున్న ఏడాది తర్వాత రెండేళ్లు తినేస్తుంది.

మూడో మెట్టు: సంకరం

తియ్యటి ఖర్బూజ రకాల్లో చాలావాటికి మగ పూలతోపాటు ద్విలింగ పూలు ఉంటాయి. అంటే తల్లిగా వాడే పువ్వులోనే కేసరాలు కూడా ఉంటాయి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టాలి. అది కొద్దిగా ఉబ్బి, కొనలు పసుపు తిరిగి ఉంటుంది. సన్నని పట్టకారుతో రేకులను తప్పించి, కేసరాలను పుప్పొడి రాలకముందే తీసేసి, మొగ్గను కాగితపు సంచితో మూయాలి. మర్నాడు ఉదయం తండ్రి మొక్క మగ పువ్వును తెచ్చి, రేకులు తుంచి, కీలాగ్రానికి మృదువుగా రాయాలి. పగిలే దోస రకాలు తల్లి అయితే ఈ శ్రమ తగ్గుతుంది, వాటిలో ఆడ పూలు విడిగా ఉంటాయి.

తీగ మీద అప్పటికే ఒక కాయ ఊరుతుంటే కొత్త పిందె నిలవడం కష్టం. సంకరం చేసే తీగ మీద మిగతా పిందెలన్నీ తీసేయండి. జాలిపడితే నష్టపోయేది మీరే.

మొదటి తరం ఎఫ్1. దాన్ని స్వపరాగ సంపర్కం చేస్తే ఎఫ్2. ఒక్క కాయలోనే వందల గింజలు ఉంటాయి కాబట్టి ఎఫ్2 సంఖ్యకు లోటుండదు. ఎఫ్1ను తెగులు సోకే తండ్రితో మళ్లీ కలిపితే వచ్చే పశ్చ సంకర తరం కూడా తప్పనిసరిగా తీసుకోండి, లెక్కలు సరిచూసుకోవడానికి అది రెండో సాక్షి.

నాలుగో మెట్టు: తెగులు అంటించడం

ఎండు తెగులుకు వేళ్లను ముంచే పద్ధతి మేలు. మొదటి నిజమైన ఆకు తొంగిచూసే వయసులో మొలకలను పీకి, వేళ్లను నీళ్లలో కడిగి, కొనలు కాస్త కత్తిరించాలి. మిల్లీలీటరుకు 10 లక్షల సిద్ధబీజాలు (శిలీంధ్రం వ్యాపించే సూక్ష్మ బీజాలు) ఉన్న ద్రావణంలో ముంచి, శుద్ధిచేసిన మాధ్యమంలో మళ్లీ నాటాలి. సిద్ధబీజాలను సూక్ష్మదర్శిని కింద గళ్ల పలకతో లెక్కపెట్టాలి, రంగు చూసి అంచనా వేయడం పనికిరాదు. ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టూ నిలకడగా ఉండాలి. సోకే తండ్రిని, నిరోధక తల్లిని, ఎఫ్1ను ప్రతి ట్రేలోనూ కొన్ని మొక్కలు పెట్టండి. ఒక్క ట్రేలో మాత్రమే పెట్టి మిగతా ట్రేలన్నిటికీ అదే సాక్ష్యమనుకోవడం బద్ధకం.

బూడిద తెగులు కారకం సజీవ ఆకు మీద తప్ప బతకదు. ప్రయోగశాల పళ్లెంలో దాన్ని పెంచలేరు, సోకే రకం మొక్కల మీద వరుసగా బతికించుకుంటూ రావాలి. పరీక్షకు ఆకు నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరించి, ఆకును పచ్చగా ఉంచే బెంజిమిడజోల్ కలిపిన అగార్ మీద పరిచి, తెగులు పొడిని పలచగా అంటించి, సుమారు 10 రోజుల తర్వాత చూస్తారు. దీనిలో సుఖం ఏమిటంటే మొక్క చావదు. అదే మొక్క బిళ్లల మీద రెండు మూడు రేసులు విడివిడిగా పరీక్షించవచ్చు.

ఎండు తెగులులో ఆ సుఖం లేదు. సోకిన మొక్క చచ్చిపోతుంది, దాని డీఎన్ఏ కూడా కుళ్లిపోతుంది. అందుకే తెగులు అంటించడానికి ముందే ప్రతి మొలక నుంచీ చిన్న ఆకు ముక్క తీసి, సంఖ్య వేసి శీతల పెట్టెలో దాచండి. ఈ ఒక్క వాక్యం నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఒక పంట కాలం మిగిలేది.

ఇంకో దెబ్బ కూడా చెప్పుకోవాలి. ఒకసారి ఎఫ్2లో చావులు లెక్కకు మించి వచ్చాయి. ఏదో కొత్త జన్యు సంబంధం దొరికిందని రెండు రోజులు ఊహల్లో తేలాను. ఎండిన కాండాల ముక్కలను పళ్లెంలో పెట్టి చూస్తే చాలావాటి నుంచి ఫ్యుజేరియం రానే లేదు, నారుకుళ్లు వచ్చింది. మాధ్యమాన్ని సరిగా శుద్ధి చేయలేదు, అంతే. అప్పటి నుంచి చచ్చిన మొక్కల్లో కొన్నిటి కాండం నుంచి శిలీంధ్రాన్ని మళ్లీ బయటికి తీసి చూడకుండా ఏ అంకెనూ పట్టికలో ఎక్కించలేదు.

ఐదో మెట్టు: లెక్క

ఒకే బహిర్గత జన్యువు అయితే ఎఫ్1 అంతా నిలుస్తుంది. ఎఫ్2లో నిలిచినవి, పోయినవి 3:1. సోకే తండ్రితో చేసిన పశ్చ సంకరంలో 1:1. అంతర్గత జన్యువు అయితే ఎఫ్1 అంతా పోతుంది, ఎఫ్2లో 1:3. రెండు బహిర్గత జన్యువులు కలిస్తేనే నిరోధకత అయితే 9:7. రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా చాలంటే 15:1.

అసలు చిక్కు మొక్కల సంఖ్య దగ్గర వస్తుంది. కాగితం మీద ఒక ఉదాహరణ చూద్దాం. ఎఫ్2లో 40 మొక్కలు పరీక్షిస్తే 28 నిలిచాయి, 12 పోయాయి అనుకోండి. 3:1 ప్రకారం రావలసినవి 30, 10. వచ్చినవాటికీ రావలసినవాటికీ మధ్య తేడాను కొలిచే కై-వర్గం విలువ 0.53. ఐదు శాతం స్థాయిలో హద్దు 3.84 కాబట్టి 3:1 సరిపోయింది, పని అయిపోయింది అనుకుంటాం. అదే అంకెలను 9:7తో చూడండి. రావలసినవి 22.5, 17.5. కై-వర్గం 3.07. ఇది కూడా హద్దులోపలే. ఒక జన్యువా రెండు జన్యువులా అన్నది 40 మొక్కలు తేల్చలేవు. ఇప్పుడు అదే నిష్పత్తిలో 160 మొక్కలు, 112 నిలిచాయి, 48 పోయాయి. 3:1కి విలువ 2.13, నిలిచింది. 9:7కి 12.29, కొట్టుకుపోయింది. ‘సరిపోయింది’ అనే మాటకు విలువ రావాలంటే ఇంకో సిద్ధాంతం సరిపోలేదని కూడా చూపించాలి. అచ్చయిన నిష్పత్తుల్లో కొన్నిటిని ఈ కంటితో చూస్తే నాకు అనుమానమే మిగులుతుంది.

నిలిచిన ఎఫ్2 మొక్కల్లో ఏది శుద్ధమో (నిరోధక ప్రతులు రెండూ ఉన్నదో), ఏది మిశ్రమమో (ఒక్కటే ఉన్నదో) కంటికి తెలియదు. దానికి ఎఫ్3 కుటుంబాలు కావాలి. తెగులు అంటించకుండా పెంచిన ఎఫ్2 మొక్కను స్వపరాగం చేసి, దాని సంతానంలో 16 మొలకలను పరీక్షించండి. మిశ్రమమై ఉంటే ఒక్కటి కూడా చావకపోయే అవకాశం సుమారు ఒక శాతమే. పదహారూ నిలిస్తే శుద్ధమని ధైర్యంగా రాసుకోవచ్చు.

మీకు దొరికింది కొత్త జన్యువా, పాతదేనా? రెండు నిరోధక మూలాలను ఒకదానితో ఒకటి కలిపి ఎఫ్2 చూడండి. రెండూ ఒకే జన్యువైతే ఒక్క మొక్కా పోదు. వేరువేరు బహిర్గత జన్యువులైతే పదహారులో ఒకటి పోవాలి. ఆ ఒక్కటి కనబడే అవకాశం 95 శాతం ఉండాలంటే కనీసం 47 మొక్కలు కావాలి. ఇరవై చూసి ‘ఒకటే’ అనేయకండి. ఒక్కటీ పోకపోయినా, అవి పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులు కావచ్చుననే అనుమానాన్ని అట్టేపెట్టుకోండి.

నిష్పత్తే రాకపోతే? ఆకుల మీద తెగులు తీవ్రత మెట్లుమెట్లుగా, తెగకుండా సాగితే అది అనేక జన్యువుల పని. రేసు 1.2కు ఓగాన్ 9 అనే జపాన్ రకం నుంచి వచ్చిన పాక్షిక నిరోధకత అలాంటిదే. దానికి నిష్పత్తులు వెతకడం దండగ. తీవ్రతను అంకెల్లో కొలిచి, ఎక్కువ కుటుంబాలతో, పునరావృత పరీక్షలతో ప్రభావ స్థానాలను (తీవ్రతను కొద్దికొద్దిగా మార్చే క్రోమోజోము చోట్లను) పటంలో గుర్తించాలి.

ఆరో మెట్టు: క్రోమోజోము మీద చోటు

నిలిచిన 25 మొక్కల డీఎన్ఏ ఒక గుంపుగా, పోయిన 25 మొక్కల డీఎన్ఏ మరో గుంపుగా కలిపి, రెండింటినీ సీక్వెన్స్ చేయండి. 1991లో లెట్యూస్ బూజు తెగులు మీద పుట్టిన పద్ధతి ఇది. మారినది యంత్రాలే. జన్యువుకు దూరంగా ఉన్న చోట రెండు గుంపుల్లోనూ తల్లిదండ్రుల వాటా సగం సగం ఉంటుంది. జన్యువు దగ్గరికి వచ్చేసరికి విడిపోతుంది. ఎఫ్2లో బహిర్గత జన్యువైతే పోయిన గుంపులో సోకే తండ్రి వాటా నూరు శాతం. నిలిచిన గుంపులో నిరోధక తల్లి వాటా మూడింట రెండు వంతులే, ఎందుకంటే మిశ్రమాలూ నిలిచాయి కదా.

పోయిన గుంపులో నూరుకు బదులు 90 కనిపిస్తే, వేరే కారణంతో చచ్చిన మొక్కలు దాంట్లో దూరాయేమో చూడండి. చావకుండా తప్పించుకున్నవి అవతలి గుంపులో చేరతాయి. అక్కడ మిశ్రమాలు ఎటూ ఉంటాయి కాబట్టి వాటి తప్పు అంత తేలిగ్గా బయటపడదు. అందుకే గుంపులోకి సందేహం లేని మొక్కలనే ఎంచుకోవాలి. పట్టికలో ‘కొంచెం వాడింది’ అని రాసి ఉన్నది రెంటికీ పనికిరాదు.

ఇలా దొరికే ప్రాంతంలో వందల జన్యువులు ఉండవచ్చు. దాన్ని కుదించడానికి రెండు చివర్లలో రెండు మార్కర్లు (తల్లిదండ్రుల తేడాను చూపే డీఎన్ఏ గుర్తులు) తయారుచేసి, వేలాది ఎఫ్2 మొలకలను డీఎన్ఏతోనే జల్లెడ పట్టి, ఆ రెంటి మధ్య క్రోమోజోము తెగి అతుక్కున్న కొద్ది మొక్కలను పట్టుకోవాలి. తెగులు పరీక్ష వాటి సంతానానికి మాత్రమే చేస్తే చాలు.

ఏడో మెట్టు: అభ్యర్థి జన్యువు

ఖర్బూజ జన్యుపటం 2012లో వెలువడింది. డీహెచ్ఎల్92 అనే వంగడం నుంచి తీశారు, 27,427 జన్యువులను గుర్తించారు. మీ ప్రాంతాన్ని దాంట్లో తెరిస్తే ఎన్ఎల్ఆర్ వర్గపు జన్యువులు కనిపించే అవకాశం ఎక్కువ. కణం లోపల కాపలా ఉండి, శిలీంధ్రం పంపిన ప్రోటీన్‌ను పసిగట్టే ప్రోటీన్లను తయారుచేసేవి ఇవి. 11వ క్రోమోజోము మీది ఫామ్-2ను 2004లో, 9వ క్రోమోజోము మీది ఫామ్-1ను 2013లో వేరుచేశారు. రెండూ ఈ వర్గమే. ఫామ్-2 గుర్తించే శిలీంధ్ర ప్రోటీన్‌ను కూడా 2016లో పట్టుకున్నారు. శిలీంధ్రం ఆ జన్యువును పోగొట్టుకుంటే ఫామ్-2 కాపలా గుడ్డిదవుతుంది. రేసుల అంకెల వెనకున్న యంత్రాంగం ఇదే.

ఇక్కడొక ఉచ్చు ఉంది. ఎన్ఎల్ఆర్ జన్యువులు గుంపులుగా ఉంటాయి, ఒక వంగడంలో నాలుగుంటే ఇంకోదాంట్లో ఏడు ఉండవచ్చు. డీహెచ్ఎల్92లో లేని జన్యువే మీ మొక్కను కాపాడుతుండవచ్చు. కాబట్టి ఆ ప్రాంతానికి మీ నిరోధక తల్లి డీఎన్ఏను పొడవైన ముక్కలుగా చదివించుకోక తప్పదు.

అన్నీ కాపలా జన్యువులే అనుకోకూడదు కూడా. పీఐ 124111లో బూజు తెగులును ఆపే ఏటీ1, ఏటీ2 మామూలు జీవక్రియా ఎంజైములను తయారుచేస్తాయి, నిరోధక మొక్కలో అవి హెచ్చుగా పనిచేస్తాయి. బార్లీ, టమాటా, బఠాణీల్లో ఎంఎల్ఓ అనే జన్యువు చెడిపోతేనే బూడిద తెగులు ఆగుతుంది. అటువంటిది అంతర్గతంగా కనిపిస్తుంది. ఎఫ్1 పడిపోయిందని సంకరాన్నే పారేసే తొందరపాటు అందుకే వద్దు.

ఎనిమిదో మెట్టు: వంగడంలోకి తేవడం

ఇది ఓపిక పని. మంచి వంగడంతో పదేపదే పశ్చ సంకరం చేస్తూ, ప్రతి తరంలో మార్కరుతో నిరోధక జన్యువున్న మొలకలను ఎంచుకోవాలి. మంచి తల్లి వాటా సగటున మొదటి పశ్చ సంకరంలో 75 శాతం, మూడోదాంట్లో 93.75 శాతం. కానీ జన్యువుకు ఆనుకుని ఉన్న ముక్క మొండిగా వెంట వస్తుంది. పగిలే కాయ, చప్పటి గుజ్జు వంటివి దాంట్లో దాక్కుంటాయి. జన్యువుకు రెండు పక్కలా మార్కర్లు పెట్టి, ఒక తరంలో ఒక పక్క తెగిన మొక్కను, మరో తరంలో రెండో పక్క తెగినదాన్ని ఎంచుకోండి. రెండు పక్కలా ఒకేసారి తెగినదాని కోసం ఎదురుచూస్తే అది రాదు.

ఫామ్-1 పక్కనే బొప్పాయి వలయాల మచ్చ వైరస్‌ను ఆపే పీఆర్‌వీ జన్యువు తలకు తల ఆనించి ఉంటుంది. రెండూ వేర్వేరు తల్లుల నుంచి వస్తుంటే ఒకే క్రోమోజోము మీదికి చేర్చడానికి చాలా పెద్ద జనాభా కావాలి. ఫామ్-1, ఫామ్-2లను కలపడం అంత కష్టం కాదు, వేర్వేరు క్రోమోజోములు కదా. ఆ రెండూ ఉన్నా రేసు 1.2 ముందు మొక్క నిలవదు కాబట్టి, ఆ రేసు ఉన్న నేలకైతే పాక్షిక నిరోధక స్థానాలను కూడా జతచేయాలి.

చివరి ఎంపికను మార్కరు ఒక్కదానికే వదలకండి. మార్కరుకూ జన్యువుకూ మధ్య క్రోమోజోము ఎప్పుడైనా తెగవచ్చు. శుద్ధమైన వంగడాన్ని మళ్లీ పీకి, వేళ్లు కడిగి, ద్రావణంలో ముంచి, షారంటే పక్కన నాటండి. మూడో వారంలో షారంటే పడిపోయి, ఇది నిలబడి ఉంటే గింజలు దాచుకోండి.